బొటనవేలి బేసు

ఈమధ్య బేసు గిటారు నేర్చుకునే కుర్రాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తున్నారు. కూర్చోగానే అడిగే ప్రశ్న ఒక్కటే. "అంకుల్, పాత క్యాసెట్లలో మీ బేసు వింటే ఇట్టే తెలిసిపోద్దండీ. ఆ టోన్ ఎలా వచ్చింది? ఏ గిటారు వాడేవారు?" గోడకు తగిలించిన నా గిటారు చూపిస్తాను. అప్పుడు వాళ్ళ మొహాలు చూడాలి. పాలిష్ ఊడిపోయి, తీగ బిగించే మరల్లో ఒకటి విరిగితే ఆటోనగర్‌లో తిప్పించి వేయించిన ఇనప మరతో, అది వేలాడే మేకుకంటే గొప్పగా ఏమీ ఉండదు.

టోన్ చేతిలో ఉంటుంది బాబూ అంటే పెద్దాయన వేదాంతం మొదలుపెట్టాడనుకుంటారు. వేదాంతం కాదు. ఆ మాట నాకు నేర్పినవాళ్ళకు చెవులు వినపడవు. ఆ సంగతి ఒక్కసారి కుదురుగా రాసిపెడితే, ఇకమీదట వచ్చినవాళ్ళకు టీ ఇచ్చి ఈ కాగితాలు చేతిలో పెట్టవచ్చని ఇప్పుడు కూర్చున్నాను.

తొంభైల చివరి మాట. విజయవాడలో మా ఆర్కెస్ట్రాకు మంచి పేరుండేది. పెళ్ళిళ్ళు, కాలేజీ వార్షికోత్సవాలు, పందిళ్ళు, అటు మచిలీపట్నం నుంచి ఇటు తెనాలి దాకా తిరిగేవాళ్ళం. మా లీడరు గారే ప్రధాన గాయకుడు. ఏ హీరో పాటకు ఆ హీరోలా గొంతు మార్చేవారు. పాటకూ పాటకూ మధ్య జేబులోంచి దువ్వెన తీసి జుట్టు సర్దుకునేవారు. కీబోర్డు వాయించే అతను గుడివాడ పక్క వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చినవాడు, నాకంటే చిన్నవాడు, బంగారంలాంటి చెయ్యి. నేను భవానీపురం నుంచి గిటారు సంచీ భుజాన వేసుకుని వెళ్ళి వెనక వరసలో నిలబడేవాణ్ణి.

బేసు వాయించేవాడు ఏం చేస్తున్నాడో జనానికి తెలియదు. ఒక పెళ్ళిలో పెళ్ళికూతురి పెదనాన్నగారు నన్ను చూపించి, "ఆ వెనకాల నిలబడి గోక్కుంటున్నాడే, ఆయనకి కూడా ఓ విస్తరి వేయించండి" అన్నారు. మా చిన్నాన్న అయితే, "గిటారుకి ఆరు తీగలుండాలిగా, నీకు రెండు తెగిపోయాయేంట్రా?" అని నిజంగానే బాధపడ్డారు.

నా బాధ వేరు. నాకంటూ ఒక శబ్దం లేదు. క్యాసెట్‌లో ఒక పాట విని, పిక్ అనే చిన్న ప్లాస్టిక్ బిళ్ళతో గీకి వాయించేవాణ్ణి. ఇంకో పాట విని, పిక్ పారేసి రెండు వేళ్ళతో మీటేవాణ్ణి. ఎవరిది వింటే వాళ్ళలా వాయించడానికి తంటాలు పడేవాణ్ణి గానీ, ఎవరిలానూ వచ్చేది కాదు. విదేశీ గిటారు ఒకటి దొరికితే అన్నీ సర్దుకుంటాయని గట్టి నమ్మకం. సర్దుకునే లోపు ఊళ్ళోకి కొత్తరకం కీబోర్డులు వచ్చాయి. ఒక బటన్ నొక్కితే ఫ్లూటు, ఇంకోటి నొక్కితే వీణ, మరోటి నొక్కితే నా పొట్ట కొట్టే బేసు.

బెంజ్ సర్కిల్ దగ్గర టీ తాగుతూ లీడరు గారు ఆ మాట చెప్పారు. ఆయన మంచి మనిషి. చెప్పడానికి ఆయనకే ఇబ్బందిగా ఉంది. గ్లాసులో మిగిలిన టీని చూస్తూ మాట్లాడారు.

"ఏమీ అనుకోకయ్యా. వ్యాన్‌లో చోటు చాలట్లా. మన కీబోర్డువాడి ఎడం చెయ్యి ఊరికేనే ఉంటోంది కదా, బేసు దాంతో లాగించేస్తానంటున్నాడు."

"మరి నేనండీ?"

"ఈ సీజను అయ్యేదాకా ఉండు. తర్వాత చూద్దాం."

మా లోకంలో 'తర్వాత చూద్దాం' అంటే ఇక చూడరని అర్థం.

ఇంటికి వెళ్ళాక మా అక్క భర్తకు చెప్పాను. మా ఇళ్ళలో అక్క భర్తను దుల్హా భాయ్ అంటాం. ఆయనకు ఆటోనగర్‌లో లారీలకు చెక్క బాడీలు కట్టే షెడ్డుండేది. ఆయన ఏమాత్రం కంగారు పడలేదు. "మా షెడ్డుకొచ్చెయ్ మియా. లారీ బాడీ కూడా నీ బేసులాంటిదే. జనం పైన వేసిన పూలబొమ్మలే చూస్తారు, బరువు మోసేది కింద బల్లలు" అన్నాడు. ఓదార్చాడో, ఉద్యోగం ఇచ్చాడో ఆ పూట నాకు తెలియలేదు.

ఆ సీజన్‌లోనే, వినపడని పిల్లల బడి ఒకటి వార్షికోత్సవానికి మా ఆర్కెస్ట్రాను పిలిచింది. ఊరి చివర హాస్టలుతో కూడిన పాత బడి. సేవగా చేద్దామని లీడరు గారు ఒప్పుకున్నారు. రిహార్సల్స్‌కు మాత్రం కీబోర్డు కుర్రాణ్ణి పంపించి, "నువ్వు కూడా వెళ్ళు, ఊరికే ఉన్నావుగా" అని నన్ను తోడిచ్చారు.

బళ్ళో ఒక చెక్క వేదిక ఉంది. ఎప్పటిదో, నడిస్తే కిర్రుమంటుంది. దాని మీద పైతరగతుల ఆడపిల్లలు డ్యాన్సుకు సిద్ధంగా ఉన్నారు. డ్యాన్సు నేర్పే మేడమ్ వేదిక కింద నిలబడి చెయ్యెత్తి లెక్క వేస్తుంటే, పిల్లలు కళ్ళార్పకుండా ఆ చేతినే చూస్తూ అడుగులు వేస్తున్నారు. తప్పు పోవడం లేదు. కానీ ఒక్క పిల్ల కూడా పక్క పిల్లను చూడటం లేదు. పరీక్ష రాస్తున్నట్టున్నాయి మొహాలు.

మేము వాయించడం మొదలుపెట్టాం. నా స్పీకరు పెట్టెను ఆ చెక్క వేదిక మీదే ఒక మూల పెట్టుకున్నాను. కాసేపటికి, వరసలో చివరనున్న పొడుగు జడ పిల్ల ఆగిపోయింది. ఆ గుంపుకు నాయకురాలు ఆ అమ్మాయేనని తర్వాత తెలిసింది. వంగి అరచెయ్యి బల్లకు ఆనించింది. అక్కణ్ణుంచి మోకాళ్ళ మీద పాక్కుంటూ నా పెట్టె దాకా వచ్చి, దాన్ని చూసి, నన్ను చూసి, వేలితో గాలిలో సున్నా చుట్టింది.

నేను మేడమ్ వైపు చూశాను.

"మళ్ళీ వాయించమంటోందండీ" అన్నారు మేడమ్.

వాయించాను. ఆ పిల్ల చేతులు ఊపి మిగతావాళ్ళను పిలిచింది. క్షణంలో అందరూ చెప్పులు, సాక్సులు విప్పి పారేసి వేదిక మీద చుట్టూ నిలబడిపోయారు. ఒకరి మొహంలోంచి ఒకరి మొహంలోకి నవ్వు పాకడం చూశాను. ఇన్నేళ్ళలో నా బేసు విని ఎవరూ అలా నవ్వలేదు.

తర్వాత చేతులతో పెద్ద వాదన జరిగింది. మేడమ్ ఓపిగ్గా చూసి, మా ఇద్దరికీ చెప్పారు.

"వీళ్ళకి ఎప్పట్నుంచో కోలాటం ఆడాలని ఉందండీ. నేనే వద్దంటున్నా. కోలాటమంటే చుట్టూ తిరగాలి గదా, సగం మందికి నేను వీపు వెనకుంటా. లెక్క ఎలా చూస్తారు? పోయినసారి ఓ పిల్ల వేలు చితికింది కూడా. ఇప్పుడేమో కాళ్ళకి లెక్క తెలుస్తోంది, నిన్ను చూడక్కర్లేదు అంటున్నారు."

పొడుగు జడ పిల్ల మేడమ్ చెయ్యి పట్టుకుని లాగి ఇంకేదో చెప్పింది. మేడమ్ నవ్వారు.

"మేం నీ మొహం చూసి చూసి విసిగిపోయాం, ఒకళ్ళనొకళ్ళం చూసుకుంటాం అంటోందండీ."

అలా మొదలైంది. తెలుసుకోవలసిన వాళ్ళు ఇక్కడ కాస్త శ్రద్ధగా చదవండి.

మొదటి రోజు నేను పిక్‌తో వాయించాను. పిల్లలు మొహాలు చిట్లించారు. అరికాలు గీరుకుంటూ చూపించారు. "ఇసక మీద నిలబడ్డట్టుందట" అన్నారు మేడమ్. పిక్ తీసేసి రెండు వేళ్ళ మెత్తటి కండతో, గిటారు మెడ దగ్గరగా మీటాను. అక్కడ మీటితే శబ్దం గుండ్రంగా, లావుగా వస్తుంది. నాకు చాలా ఇష్టమైన శబ్దం. ఇది నచ్చుతుందనుకున్నాను. పిల్లలు నిలబడి తల అడ్డంగా ఊపారు. ఆగి ఉన్న లారీలో ఇంజను నడుస్తున్నట్టుందట. ఒంట్లోకి వస్తోంది, బాగుంది, కానీ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో తెలియడం లేదు. అంతా ఒకటే గుర్రు.

అప్పటిదాకా నేను ఆ సంగతి ఆలోచించనే లేదు. చెవికి ఎన్నో గుర్తులు దొరుకుతాయి. తబలా ఉంటుంది, పాట ఉంటుంది, ఒక నోటు ఇంకో నోటు మీదికి ఒరిగినా చెవి విడదీసుకుంటుంది. అరికాలికి అవేవీ లేవు. బల్ల అదిరిందా లేదా, అంతే. అదిరిన బల్ల మళ్ళీ ఊరుకుంటేనే తర్వాతి అదురు తెలుస్తుంది. నేనేమో ఒక నోటు పూర్తిగా చావకముందే ఇంకోటి వాయించి, పాత అప్పు మీద కొత్త అప్పు చేసినట్టు పేర్చుకుంటూ పోతున్నాను.

రకరకాలుగా ప్రయత్నించాను. ఎడమచేతి వేలు తీగ మీంచి పూర్తిగా ఎత్తకుండా కొంచెం వదులు చేస్తే నోటు ఆగుతుంది. కానీ మొదటి దెబ్బ మెత్తగానే ఉంది. చివరికి ఒకరోజు విసుగొచ్చి, కుడి అరచేతి అంచును తీగలు కట్టే కొస మీద ఆనించి, బొటనవేలి పక్క కండతో తీగను కిందికి నొక్కి వదిలాను. 'దుం' అంది. వచ్చింది, ఆగింది. బరువుంది, తోక లేదు.

పిల్లలందరూ ఒకేసారి నావైపు తిరిగారు. పొడుగు జడ పిల్ల రెండు పిడికిళ్ళు ఒకదాని మీద ఒకటి పెట్టి, గాలిలో రోకలి ఎత్తి దించింది. దానికి మేడమ్ అర్థం చెప్పక్కర్లేకపోయింది.

ఆ బొటనవేలితో మొదట్లో నానా అవస్థ పడ్డాను. బొబ్బలెక్కి, చిట్లి, గట్టిపడింది. అరచేతి అంచు ఒక్క పిసరు ముందుకు జరిపితే శబ్దం చచ్చిపోయి చెక్క కొట్టినట్టయ్యేది. వెనక్కి జరిపితే మళ్ళీ గుర్రుమనేది. ఆ పిసరు ఎక్కడుందో నా చెవి కంటే పిల్లల మొహాలు చూసే ఎక్కువ నేర్చుకున్నాను. ఎక్కడైనా తోక వదిలేస్తే పొడుగు జడ పిల్ల ఆట మధ్యలోనే నాకేసి చూసి, అరచెయ్యి తెరిచి చటుక్కున మూసేది. ఆపు అని. నాకు చాలామంది మాస్టర్లున్నారు గానీ, అంత కచ్చితంగా పట్టుకున్నవాళ్ళు లేరు.

ఇంకో తమాషా జరిగింది. పెద్ద నోటు ముందు చిన్నగా కింది నోటు నుంచి జారి రావడం నాకు అలవాటు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, చేతివాటంగా వచ్చేది. క్యాసెట్‌లో లేదు కదా అని మానుకోవడానికి ప్రయత్నించేవాణ్ణి కూడా. పిల్లలు ఆ జారుడు పట్టేశారు. అది వచ్చినప్పుడల్లా కోలలు కొట్టే ముందు చిన్నగా మోకాలు వంచడం మొదలుపెట్టారు. మేడమ్ నేర్పలేదు, నేను చెప్పలేదు. ఆ వంపుతో వాళ్ళ కోలాటానికి అందం వచ్చింది. నేను ఆ జారుడు మానుకోవడం మానేశాను.

చివరి రిహార్సల్‌కు లీడరు గారు స్వయంగా వచ్చారు. కోలాటం చూసి ముచ్చటపడ్డారు. కానీ వార్షికోత్సవం రోజే వేరే ఊళ్ళో పెళ్ళి కార్యక్రమం ఒకటి పడింది, అక్కడికి కొందరిని సర్దాలి. నన్ను పక్కకు పిలిచారు.

"ఇక్కడ బేసు కూడా కీబోర్డులోనే కానిచ్చేద్దామయ్యా. నువ్వు పెళ్ళికెళ్ళి సామాను చూసుకో. ఆ పిల్లలకి ఎలాగూ వినపడదు గదా, ఏ బేసైతే ఏముంది?"

పక్కనే వైర్లు సర్దుతున్న కీబోర్డు కుర్రాడు అందుకున్నాడు. "ఓసారి వాయించి చూద్దామండీ. అదే పెట్టెలోంచి, తెర వెనకాల నుంచి. వాళ్ళు ఒప్పుకుంటే సరే."

వేదిక వెనకున్న తెర దించారు. మేమిద్దరం లోపల కూర్చున్నాం. అతని కీబోర్డు వైరు నా స్పీకరు పెట్టెకే తగిలించాం. నేను వాయించే వరసే, నోటు పొల్లు పోకుండా అతను ఎడం చేత్తో వాయించాడు. చెవికి అందంగానే ఉంది, అబద్ధం చెప్పకూడదు. బయట కోలలు కాసేపు తగిలాయి. తర్వాత తడబడ్డాయి. తర్వాత ఆగిపోయాయి.

తెర ఒక పక్కకు లేచింది. పొడుగు జడ పిల్ల లోపలికి వచ్చి, కీబోర్డు వైపు ఒక చూపు చూసి, వీపు దేనికో ఆనించినట్టు నిలబడి ఒళ్ళంతా సన్నగా వణికించి చూపించింది.

"ఫ్రిజ్జుకి ఆనుకున్నట్టుందట" అన్నారు వెనకే వచ్చిన మేడమ్, నవ్వాపుకోలేక.

కీబోర్డు కుర్రాడు పగలబడి నవ్వాడు. "కరెక్టేనండీ! కుడి చెయ్యి పాటలో ఉంటే ఎడం చెయ్యి నోటు పట్టుకుని కూర్చుంటది. వదలడం దానికి గుర్తుండదు."

ఆ పిల్ల గిటారు తీసి నా ఒళ్ళో పెట్టి, నా బొటనవేలు పట్టుకుని తీగ మీద ఆనించి మరీ బయటికి పోయింది. లీడరు గారు జేబులోంచి దువ్వెన తీశారు, దువ్వుకోలేదు, మళ్ళీ లోపల పెట్టేశారు.

"పెళ్ళికి ఇంకెవర్నన్నా చూస్తాలే" అన్నారు.

వార్షికోత్సవం రోజు పొద్దున్నే వెళ్ళాం. తల్లిదండ్రులు ఊళ్ళ నుంచి ఎక్కువమంది వస్తున్నారని కార్యక్రమాన్ని మైదానంలోకి మార్చారు. అక్కడ ఒక దాత కొత్తగా కట్టించిన సిమెంటు వేదిక ఉంది. తళతళ మెరుస్తోంది. పిల్లలు ఎక్కి నిలబడ్డారు. నేను పెట్టె పెట్టి 'దుం' అనిపించాను. ఎవరూ కదలలేదు. శబ్దం పెంచాను. పక్క వీధిలో కుక్కలు మొరిగాయి గానీ పిల్లల అరికాళ్ళకు ఏమీ అందలేదు. సిమెంటు కింద మట్టి నింపి కొట్టారు. ఏనుగు గెంతినా అదరదు.

పొడుగు జడ పిల్ల కోలలు కింద పెట్టేసింది. ఏడవలేదు. వెళ్ళి మేడమ్ ఎదురుగా, పాత పద్ధతిలో, కళ్ళు ఆమె చేతి మీద పెట్టి నిలబడింది. మిగతావాళ్ళూ వెళ్ళి వరస కట్టారు. ఆ వరస చూడలేకపోయాను.

పాత చెక్క వేదిక ఊడదీద్దామంటే గోడలో కలిపి కట్టేశారు. బెంచీలు పేరుద్దామంటే కోలాటానికి ఆగవు. బల్లలు కావాలి, వెడల్పుగా, ఒకదానికొకటి బిగించినవి, కింద ఖాళీ ఉన్నవి. అలాంటివి నాకు తెలిసినంతలో ఒక్క చోటే ఉంటాయి. కీబోర్డు కుర్రాడి స్కూటరు తీసుకుని ఆటోనగర్‌కు పరిగెత్తాను.

దుల్హా భాయ్ షెడ్డులో ఒక లారీ తయారై నిలబడి ఉంది. కొత్త బాడీ, పక్కలకు నెమళ్ళు, వెనక పలక మీద పూలకుండీ. బండి తీసుకెళ్ళడానికి వచ్చిన యజమాని కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. దివిసీమ రైతు, వరి అమ్మకం లాభసాటిగా లేదని రవాణాలోకి దిగినవాడు, తెల్లటి పంచె.

నేను ఊపిరి పీల్చుకోకుండా చెప్పిందంతా దుల్హా భాయ్ విన్నాడు. తర్వాత యజమాని వైపు తిరిగాడు. "ఓనరు గారూ, మా బావమరిదికి మీ బండి ఓ పూట కావాలంటండీ. ఆడపిల్లలు డ్యాన్సు చేస్తారంట."

"కొత్త బండి మీదా?" ఆయన కాఫీ కింద పెట్టాడు. "పెయింటు ఆరలేదయ్యా. ఇంకా కొబ్బరికాయ కూడా కొట్టలా."

మళ్ళీ చెప్పాను. ఈసారి నెమ్మదిగా, వినపడని పిల్లల సంగతి, బల్లల సంగతి, సిమెంటు సంగతి. ఆయన లేచి వెళ్ళి లారీలో కొత్త బల్లను పిడికిలితో కొట్టి, దాని మీద అరచెయ్యి పెట్టి చూసుకున్నాడు. ఇంకోసారి కొట్టి చూసుకున్నాడు.

"తెలుస్తదయ్యో!" అన్నాడు. "నిజంగానే చేతికి తెలుస్తదే! ఎవరక్కడ, కొబ్బరికాయ పట్రండి. మొదటి లోడు ఊక ఏద్దామనుకున్నా, లక్ష్ముల్నే ఎక్కించుకుంటా."

కాయ కొట్టి, బండి ఆయనే నడిపాడు. స్కూటరును షెడ్డులోనే వదిలి నేనూ దుల్హా భాయ్ క్యాబిన్‌లో కూర్చున్నాం. బళ్ళోకి లారీ వస్తుంటే పిల్లలందరూ పరిగెత్తుకొచ్చారు. మూడు పక్కల పలకలూ కిందికి దించేసరికి అదే వేదిక అయిపోయింది. బండి స్ప్రింగుల మీద ఊగుతుంటే దుల్హా భాయ్ చాసిస్ కింద దిమ్మలు పెట్టి బిగించాడు. ఈలోగా మేడమ్, పిల్లలు బల్లల మీద అడుగులు కొలుచుకున్నారు. వెడల్పు చాలలేదు. పొడుగు జడ పిల్ల సున్నా చుట్టి, దాన్ని రెండు చేతులతో అటూ ఇటూ నొక్కి చూపించింది. గుండ్రం కాకపోతే కోడిగుడ్డు. సరే, కోడిగుడ్డే.

నా పెట్టెను క్యాబిన్ పక్కన బల్లల మీదికి ఎక్కించి, బొటనవేలు ఆనించాను. దుం. పిల్లల మొహాల్లోకి నవ్వు పాకింది. మొదటి రోజు చూసిన నవ్వే.

సాయంత్రం ఎండ పచ్చగా పడుతుండగా కోలాటం మొదలైంది. ముందు కుర్చీలో దాత గారు, వెనకంతా తల్లిదండ్రులు. తన వేదిక ఖాళీగా ఉండి పక్కనే లారీ ఎందుకు నిలబడిందో దాత గారికి మొదట అర్థం కాలేదు. మేడమ్ ఆయన చెవిలో చెప్పారు. ఆయన చెప్పులు విప్పి, లేచి వచ్చి లారీ అంచు మీద అరచెయ్యి పెట్టి అక్కడే నిలబడిపోయారు. కార్యక్రమం అయ్యేదాకా కుర్చీలోకి వెళ్ళలేదు.

లీడరు గారు పాట అందుకున్నారు. కీబోర్డు ఆయన వెనకే నడిచింది. నేను కళ్ళు పిల్లల పాదాల మీద పెట్టాను. దుం, ఖాళీ, దుం దుం, ఖాళీ. ఆ ఖాళీలో కోలలు ఒక్క చప్పుడుగా తగిలాయి. జారుడు వచ్చినప్పుడు అన్ని మోకాళ్ళూ ఒకేసారి వంగాయి. ఒక పిల్ల నా పక్క నుంచి పోతూ పక్కదాన్ని చూసి కన్ను గీటింది. అందరూ ఒకళ్ళ కళ్ళలోకి ఒకళ్ళు చూసుకుంటున్నారు. మేడమ్ జనంలో కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు. ఆ చేతులు ఏం చెయ్యాలో తెలియక చీర అంచు నలుపుతున్నాయి.

పాట అయిపోయింది. లీడరు గారు ఆపారు, కీబోర్డు ఆగింది. పిల్లలు ఆగలేదు. వాళ్ళకు పాట అయిపోయినట్టు ఎలా తెలుస్తుంది? నా బొటనవేలు ఆడుతున్నంతసేపూ పాట ఉన్నట్టే. నాకు ఆపాలనిపించలేదు. లీడరు గారు నావైపు తిరిగి చూశారు. కోప్పడతారేమో అనుకున్నాను. ఆయన మైకు కింద పెట్టి, చెప్పులు విప్పి, లారీ ఎక్కి నా పెట్టె పక్కన నిలబడ్డారు. బేసు ఒక్కటే మోగుతోంది, కోలలు తగులుతున్నాయి. నా ఆర్కెస్ట్రా జీవితంలో నేను ఒంటరిగా వాయించింది ఆ కాసేపే. వాయించాలనుకున్నంతా వాయించి, అరచెయ్యి ఆనించి ఆపాను. పాదాలన్నీ ఒక్కసారి ఆగాయి.

జనం చప్పట్లు కొట్టబోయి, మళ్ళీ ఏదో తోచి, లారీ చుట్టూ మూగి బల్లల మీద అరచేతులతో దబదబా బాదారు. దివిసీమ ఆసామి అందరికంటే గట్టిగా బాదాడు. పెయింటు ఆయన అరచేతులకంటుకుంది.

వ్యాన్‌లో చోటు సంగతి లీడరు గారు మళ్ళీ ఎత్తలేదు. సీజను అయిపోయింది, ఇంకోటి మొదలైంది, నా గిటారు సంచీకి వెనక సీటు కింద స్థలం దొరికింది. తర్వాతి ఏళ్ళలో ఊళ్ళో చిన్న స్టూడియోలు వచ్చాయి, భక్తిపాటలు, జానపదాల క్యాసెట్లు, తర్వాత సీడీలు. "ఆ రోకలి బేసాయన్ని పిలవండి" అనేవాళ్ళు. తెలియనివాళ్ళు పెట్టె మీటలు తిప్పి ఆ శబ్దం కోసం వెతికేవాళ్ళు. నేను ఏ మీటా తిప్పేవాణ్ణి కాదు. పాత తీగలు మార్చేవాణ్ణి కాదు కూడా, కొత్తవి మరీ గలగలమంటాయి. విదేశీ గిటారు ఒకటి చేతికొచ్చిన రోజు ఆశగా వాయించి చూశాను. దానిలోంచీ నేనే వచ్చాను. నవ్వుకుని తిరిగి ఇచ్చేశాను.

ఆ సాయంత్రం సంగతి ఇంకొంచెం ఉంది. కార్యక్రమం అయ్యాక లారీ అంచున కాళ్ళు వేలాడేసి కూర్చుని అందరం పులిహోర తింటున్నాం. పిల్లలు ఒక పక్క గుమిగూడి చేతులతో తెగ వాదించుకుంటున్నారు. ఏమిటని మేడమ్‌ను అడిగాను.

"మీకు పేరు పెడుతున్నారండీ. వీళ్ళలో వీళ్ళకి చేతి పేర్లుంటాయి. అక్షరాల పేర్లు వీళ్ళకేం పని? బయటివాళ్ళకి మామూలుగా పెట్టరు."

కాసేపటికి పొడుగు జడ పిల్ల వచ్చి నా ఎదురుగా నిలబడింది. పిడికిలి మూసి, బొటనవేలి పక్కతో గుండె మీద రెండుసార్లు తట్టుకుని, వెంటనే అరచెయ్యి తెరిచి అక్కడే ఆనించి ఆపింది. మిగతావాళ్ళందరూ అలాగే చేశారు. నేను చేసి చూపించాను. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. నేను తట్టడం చేశాను గానీ ఆపడం మర్చిపోయాను. అది లేకపోతే నా పేరు కాదట, ఇంకెవరిదోనట. మళ్ళీ చేశాను. ఒప్పుకుంది.

లీడరు గారు పులిహోర విస్తరి పక్కన పెట్టి, "మరి నాకో?" అన్నారు. పిల్లలు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అందరూ ఒకేసారి లేని దువ్వెనతో తల దువ్వుకున్నారు. ఆయన ఎంత నవ్వారో చెప్పలేను. భవానీపురంలో నన్ను దించేదాకా వ్యాన్‌లో అద్దం చూసుకుంటూ తన పేరు తానే పెట్టుకుంటూ వచ్చారు.

ఇందులో ఎవరి పేరూ రాయలేదని మీరు గమనించే ఉంటారు. మిగతావాళ్ళవి కావాలనే రాయలేదు. నాది మాత్రం రాద్దామని చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. ఎలా రాయాలో తెలియలేదు. మీరు మా ఇంటికి వస్తే చేసి చూపిస్తాను.